మస్తిష్క తరంగ ద్రష్ట హాన్స్ బెర్గర్

మానవుని పీడించు వ్యాధులలో మూర్ఛరోగమువలె అపార్థములకు గురియైనది మరియొకటి కానరాదు. మన ప్రాచీన వైద్యులు దీనిని అపస్మారమనిరి. స్మృతి తొలగిపోవుట యని ఆ మాటకు అర్థము. చరకసంహితలో దీనికి ప్రత్యేకాధ్యాయములే కలవు. గ్రీకు దేశమున హిప్పోక్రటీసు సంప్రదాయమునకు చెందిన వైద్యులు క్రీస్తుకు పూర్వము 400 ప్రాంతముననే ఇది దైవాగ్రహము వలన కలుగునది కాదనియు, మెదడునకు సంబంధించిన వ్యాధి యనియు వ్రాసియుంచిరి. అయినను జనసామాన్యము ఆ మాటను చెవిని బెట్టలేదు. గాలి సోకినదనిరి, గ్రహము పట్టినదనిరి, పూర్వజన్మ పాపమనిరి. పడిపోయినవాని గుప్పిట తాళపుచెవుల గుత్తి నుంచుట నేటికిని మన వీధులలో చూచుచున్నాము.

ఈ అజ్ఞానము ఇంతకాలము నిలుచుటకు ఒక కారణము కలదు. గుండె కొట్టుకొనుట చేతికి తగులును. ఊపిరి రాకపోకలు కంటికి కనబడును. మెదడు మాత్రము పుర్రె యను పెట్టెలో సద్దుచేయక పనిచేయుచుండును. అందేమి జరుగుచున్నదో చూచుటకు మార్గము లేనంతకాలము ఎవరికి తోచిన ఊహ వారు చేయుట సహజము. ఆ పెట్టె మూత తీయకయే లోపలి వ్యాపారమును కాగితముపై గీతగా చూపిన మొదటివాడు జర్మను వైద్యుడు హాన్స్ బెర్గర్. నేడు ఆసుపత్రులలో ఈ.ఈ.జి. యని వ్యవహరింపబడు పరీక్ష ఆయన కనుగొన్నదే. ఆయన జీవితమున వెలుగుతో పాటు చీకటియు కలదు. విద్యార్థులకు రెండును తెలియవలసినవే.

వంశము, బాల్యము

బెర్గర్ 1873వ సంవత్సరము మే 21వ తేదీన కోబర్గ్ పట్టణమునకు చేరువనున్న నోయిసెస్ గ్రామమున జన్మించెను. తండ్రి పాల్ ఫ్రీడ్రిక్ బెర్గర్ కోబర్గ్ వైద్యశాలలో ప్రధాన వైద్యుడు. తల్లి అన్నా, ప్రసిద్ధ కవి ఫ్రీడ్రిక్ రూకెర్ట్ కుమార్తె.

ఈ మాతామహుని పేరు మన సాహిత్య విద్యార్థులు తెలిసికొనదగినది. రూకెర్ట్ కవియే కాక ప్రాచ్యభాషలలో గొప్ప పండితుడు. మహాభారతములోని నలోపాఖ్యానమును ఆయన 1828లో జర్మను పద్యములలోనికి తెచ్చెను. జయదేవుని గీతగోవిందమును అనువదించెను. అథర్వవేద సూక్తములను జర్మను చేయుటకు శ్రమించెను. నన్నయభట్టు ఆరణ్యపర్వమున తెనిగించిన కథయే ఏడెనిమిది శతాబ్దముల తరువాత ఈ కవి లేఖిని నుండి మరియొక భాషలో వెలువడెనన్నమాట. మనుమడు పుట్టుటకు ఏడేండ్లు ముందే, 1866లో రూకెర్ట్ గతించెను. అయినను తల్లి వలన ఆ బాలునకు భావుకత సంక్రమించినది. తండ్రి వలన శరీరమును శ్రద్ధగా పరిశీలించు అలవాటు సంక్రమించినది. ఈ రెండును అతని జీవితమున కడదాక ఒకదానితో నొకటి పెనగులాడుచునే యుండెను.

ఉన్నత పాఠశాల చదువు ముగియగానే యువకుడైన బెర్గర్ ఖగోళ శాస్త్రజ్ఞుడు కావలెనను కోరికతో యేనా విశ్వవిద్యాలయమున గణితము చదువనారంభించెను. ఆ చదువు అతనికి రుచింపలేదు. కొలది నెలలకే దానిని విడిచి ఒక సంవత్సరముపాటు అశ్వికదళమున చేరెను. అతని జీవితమును మార్చిన సంఘటన అచ్చటనే జరిగినది.

ఒక ప్రమాదము

వుర్జ్‌బర్గ్ నగర సమీపమున సైనికులు కవాతు చేయుచుండిరి. బెర్గర్ ఎక్కిన గుర్రము బెదరి ముంగాళ్లెత్తెను. అతడు క్రింద పడెను. సరిగా ఆ దారినే గుర్రములు లాగుచున్న ఫిరంగి బండి వచ్చుచుండెను. బండి చక్రము తన మీదికి వచ్చుట అతడు కన్నులార చూచెను. చావు తప్పదనుకొనెను. తుట్టతుద క్షణమున బండివాడు గుర్రములను నిలుపగలిగెను. బెర్గర్‌కు భయము తప్ప మరే గాయమును తగులలేదు.

నాటి సాయంకాలము తండ్రి యొద్ద నుండి క్షేమము విచారించుచు తంతి వచ్చెను. అంతకు ముందెన్నడును ఇంటి నుండి అతనికి తంతి వచ్చియుండలేదు. ఎక్కడో దూరమున నున్న అక్కగారు ఆనాడు హఠాత్తుగా కలత చెంది, తమ్మునికేదో ఆపద వచ్చినదని పట్టుబట్టి తండ్రి చేత ఆ తంతి ఇప్పించినదని తరువాత తెలిసెను. మరణభయము పొందిన తన మనస్సు నుండి ఏదో శక్తి బయలుదేరి అక్క మనస్సును తాకినదని బెర్గర్ నమ్మెను. ఆ నమ్మకము జీవితాంతము అతనిని విడువలేదు. గణితమును వదలి వైద్యము చేపట్టుటకు అదియే కారణమయ్యెను. మనస్సు యొక్క శక్తి ఎట్టిది, దానిని కొలుచుట సాధ్యమా యను ప్రశ్నకు సమాధానము కనుగొనవలెనని అతడు నిశ్చయించుకొనెను.

మనస్సు నుండి మనస్సునకు వార్తలు ప్రయాణించునని నేటి శాస్త్రము అంగీకరింపదు. మెదడులో పుట్టు విద్యుత్తు పుర్రె దాటి నెత్తి చర్మమును చేరునప్పటికే అత్యల్పమై పోవును. అది యోజనముల దూరము పోవుట అసంభవము. అక్కగారి కలత కాకతాళీయమనియే మనము చెప్పుకొనవలెను. అయినను ఆ భ్రమయే బెర్గర్‌ను ఒక గొప్ప సత్యము వద్దకు నడిపించినది. ఆయన వెదకినది వేరు, ఆయనకు దొరకినది వేరు. శాస్త్ర చరిత్రలో ఇట్టివి అరుదు కావు.

ముప్పదియేండ్ల విఫలయత్నములు

బెర్గర్ 1897లో యేనాలో వైద్యపట్టము పొంది, అచ్చటి మానసిక వైద్యశాలలో ఒట్టో బిన్స్‌వాంగర్ అను ఆచార్యుని క్రింద చేరెను. అది మొదలు ఆయన జీవితమంతయు ఆ వైద్యశాలతోనే ముడివడియున్నది. 1919లో బిన్స్‌వాంగర్ స్థానమున ఆచార్యుడును, అధ్యక్షుడును ఆయెను. 1927–28లో విశ్వవిద్యాలయమునకు రెక్టరుగా కూడ నుండెను. 1911లో ఉర్సులా ఫాన్ బ్యూలో అను యువతిని వివాహమాడెను. వారికి నలుగురు సంతానము. మొదటి ప్రపంచ యుద్ధమున పశ్చిమ రంగమున సైనికులకు మానసిక వైద్యుడుగా పనిచేసెను.

పైకి చూచువారికి ఆయన మితభాషి, నియమబద్ధుడు, గడియారము తప్పనివాడు. వైద్యశాల విధులు ముగిసిన తరువాత సాయంకాలమున ఒక చిన్న గదిలో తలుపు మూసికొని ఏమి చేయుచుండెనో తోటి వైద్యులలో పెక్కుమందికి తెలియదు. ఆయన యత్నము ఇది: మెదడు ఆహారము నుండి పొందు రసాయనశక్తిలో కొంత వేడిగా మారును, కొంత విద్యుత్తుగా మారును, తక్కినది మానసిక శక్తిగా మారవలెను. మొదటి రెంటిని కొలిచినచో మూడవది లెక్కకు వచ్చునని ఆయన ఊహ.

మొదట మెదడులోని రక్తప్రసారమును పరీక్షించెను. దెబ్బ వలన గాని శస్త్రచికిత్స వలన గాని పుర్రెలో కొంత ఎముక లేనివారి నెత్తిపై మెదడు ఉబ్బుట, తగ్గుట ఆయన గుర్తించి, 1901లో ఆ ఫలితములను ప్రకటించెను. తరువాత మెదడు యొక్క ఉష్ణోగ్రతను కొలిచి 1910లో ఒక గ్రంథము వ్రాసెను. ఆశించిన ఫలము ఏదియు రాలేదు. ఇరువది సంవత్సరములకు పైగా శ్రమించిన పిమ్మట ఆయనకు మిగిలినది విద్యుత్తు ఒక్కటే.

జంతువుల మెదడులో విద్యుత్తు కలదని అప్పటికే తెలియును. 1875లో ఆంగ్ల వైద్యుడు రిచర్డ్ కాటన్ కుందేళ్ల, కోతుల మెదడుల నుండి బలహీనమైన విద్యుత్ప్రవాహములను గ్రహించియుండెను. 1890లో పోలిష్ శాస్త్రజ్ఞుడు అడాల్ఫ్ బెక్ మరల ఆ విషయమును నిరూపించెను. మానవుని మెదడును ఆ విధముగా పరీక్షించుటకు మాత్రము ఎవరును సాహసింపలేదు.

1924, జూలై 6

గూలెకె అను శస్త్రవైద్యుడు మెదడులో కంతి యున్నదను అనుమానముతో చికిత్స చేసిన పదునేడేండ్ల బాలుడొకడు అప్పుడు యేనాలో నుండెను. శస్త్రచికిత్స వలన అతని పుర్రెలో కొంత భాగము ఎముక లేకుండెను. 1924వ సంవత్సరము జూలై 6వ తేదీన బెర్గర్ ఆ భాగముపై విద్యుద్వాహకముల నమర్చి, వాని తీగెలను గాల్వనోమీటరునకు కలిపెను. యంత్రమున కదలిక కనబడెను. అది మెదడు అల. మానవుని మెదడులోని విద్యుత్తును మానవుడు చూచుట అదియే ప్రథమము.

మరియొకడైనచో మరునాడే ఆ వార్తను లోకమునకు చాటియుండెడివాడు. బెర్గర్ అయిదు సంవత్సరములు నోరు మెదపలేదు. తాను చూచినది నిజముగా మెదడు అలయేనా, లేక గుండె చప్పుడో, కనుగ్రుడ్ల కదలికయో, నెత్తి కండరముల వణకుయో, రక్తనాళపు స్పందనమో, యంత్రము యొక్క చాపల్యమో యను సందేహము ఆయనను వేధించెను. ఒక్కొక్క సందేహమును విడివిడిగా పరీక్షించి తొలగించుకొనెను. తన నెత్తిమీద ప్రయోగించుకొనెను. కుమారుడు క్లౌస్ నెత్తిమీద పెక్కుమారులు ప్రయోగించెను. మొదట సూదుల వంటి వాహకములను చర్మము క్రిందికి గ్రుచ్చెడివాడు. తరువాత వెండిరేకులను నెత్తిపై కట్టెడివాడు. మెదడు అల యొక్క బలము సుమారు వోల్టులో ఇరువదివేల వంతు మాత్రమే. మన చేతిదీపములో వేయు చిన్న బ్యాటరీ బలము దీనికి ముప్పదివేల రెట్లుండును. ఆనాటి యంత్రములతో అంత సూక్ష్మమైన కదలికను పట్టి, కదలు ఫోటోకాగితముపై వ్రాయించుట సామాన్యము కాదు.

తుదకు 1929లో ఆయన తన మొదటి వ్యాసమును ప్రకటించెను. 1938 వరకు ఒకే శీర్షికతో పదునాలుగు వ్యాసములు వెలువడినవి. వానిలో ముఖ్యమైన విషయమొకటి పాఠకులు గుర్తుంచుకొనవలెను. కన్నులు మూసికొని నిశ్చింతగా విశ్రమించిన మనుజుని మెదడులో సెకనుకు సుమారు పది చొప్పున పెద్ద అలలు లేచుచుండును. వీనికి బెర్గర్ ఆల్ఫా తరంగములని పేరిడెను. కన్ను తెరచినంతనే, లేక మనసులో ఒక లెక్క చేయ మొదలిడినంతనే ఆ అలలు అణగిపోయి, వాని స్థానమున చిన్నవియు, వేగవంతములును అగు అలలు వచ్చును. అవి బీటా తరంగములు. కొలను నిశ్చలముగా నున్నపుడు ఒక తీరు, గాలి వీచినపుడు ఒక తీరు అలలు కనబడునట్లు, మనస్సు విశ్రాంతిగా నున్నదో, పనిలో నున్నదో కాగితముపై గీత చెప్పగలిగెను.

లోకము వినలేదు. బెర్గర్ మానసిక వైద్యుడు. విద్యుత్తులో గాని శరీరధర్మ శాస్త్రములో గాని పేరుగన్నవాడు కాడు. నరముల విద్యుత్తు మెరపువలె క్షణికమని నమ్మిన శాస్త్రజ్ఞులకు, కోట్లకొలది కణములు ఒకే లయలో మెల్లగా ఊగుచున్నవను మాట హాస్యాస్పదముగా తోచెను. అయిదేండ్లు గడచినవి. నోబెల్ బహుమానము పొందిన ఎడ్గర్ ఏడ్రియన్, ఆయన సహాయకుడు మాథ్యూస్ 1934లో కేంబ్రిడ్జిలో ఆ ప్రయోగమును మరల చేసిచూచిరి. తప్పు పట్టుటకు దిగినవారే నిజమును ఒప్పుకొనవలసి వచ్చెను. ఏడ్రియన్ ఉదారుడు, ఆ తరంగములకు బెర్గర్ లయ యని పేరు పెట్టెను. అంతటితో యేనాలోని చిన్న గది లోకప్రసిద్ధమాయెను.

మూర్ఛరోగులకు కలిగిన మేలు

ఈ ఆవిష్కారము వలన మొట్టమొదట మేలు పొందినవారు మూర్ఛరోగులు. బెర్గర్ స్వయముగా వారి తరంగములను నమోదు చేసియుండెను. 1935లో అమెరికా దేశమున హార్వర్డ్ విశ్వవిద్యాలయమునకు చెందిన గిబ్స్, డేవిస్, లెనాక్స్ అనువారు ఒక విశేషమును కనుగొనిరి. కొందరు బాలురు క్రిందపడరు, కొట్టుకొనరు; మాటలాడుచు మాటలాడుచు కొన్ని సెకనులు శూన్యదృష్టితో నిలిచిపోయి, మరల ఏమియు జరుగనట్లు మాటలాడుదురు. ఆ కొన్ని సెకనులలో వారి మెదడులో సెకనుకు మూడు చొప్పున వాడిగల ముల్లును, దాని వెంట ఒక అలయు క్రమముగా వచ్చుచుండును. మూర్ఛ యనగా మెదడు కణములు ఒక్కుమ్మడిగా అదుపు తప్పి విద్యుత్తును వెలువరించుట యని కంటికి కనబడునట్లు ఋజువాయెను. ఇక గాలికిని, గ్రహమునకును తావు లేదు.

ఉపాధ్యాయులు ఈ విషయమును ప్రత్యేకముగా గమనింపవలెను. పాఠము నడుచుచుండగా దినమునకు పెక్కుసారులు ఒక్కక్షణము మ్రాన్పడు పిల్లవానిని పరధ్యానముగా నున్నాడని బెంచీ ఎక్కించుట మన బడులలో కలదు. అతడు పరధ్యానముగా లేడు. ఆ క్షణమున అతనికి స్పృహయే లేదు. అట్టి పిల్లవానికి కావలసినది వైద్యుని చూపు.

చీకటి పుట

ఇక చెప్పవలసినది కష్టమైన మాట. 1933లో జర్మనీలో హిట్లరు అధికారమునకు వచ్చెను. ఆ సంవత్సరము జూలై 14వ తేదీననే ఒక శాసనము చేయబడెను. వంశపారంపర్యమని నాటి ప్రభుత్వమెంచిన కొన్ని వ్యాధులు గలవారికి, వారికి ఇష్టమున్నను లేకున్నను, సంతానము కలుగకుండ శస్త్రచికిత్స చేయవచ్చునని ఆ శాసనము. ఆ వ్యాధుల పట్టికలో మూర్ఛరోగము కూడ చేర్చబడినది. ఎవరికి ఆ శిక్ష విధింపవలెనో నిర్ణయించుటకు వంశారోగ్య న్యాయస్థానములు ఏర్పడినవి. వానిలో న్యాయాధికారితో పాటు వైద్యులు కూర్చుండెడివారు. 1945 వరకు సుమారు నాలుగు లక్షల మంది ఈ శాసనమునకు బలియైరని చరిత్రకారుల అంచనా.

యేనాలోని అట్టి న్యాయస్థానమున హాన్స్ బెర్గర్ సభ్యుడుగా కూర్చుండెను. చాలకాలము లోకమునకు ఈ సంగతి తెలియదు. నాజీలు ఆయనను పదవి నుండి తొలగించి వేధించిరనియు, ఆ దుఃఖమే ఆయనను పొట్టన పెట్టుకొన్నదనియు ఒక కథ పుస్తకములలో వ్యాపించియుండెను. ఇటీవలి దశాబ్దములలో చరిత్రకారులు పాత దస్తావేజులను వెదకి, ఆ కథ నిజము కాదని తేల్చిరి. వయస్సు వచ్చినందున ఆయన 1938లో పదవీ విరమణ చేసెను. న్యాయస్థానమున ఆయన చేసిన సంతకములు నిలిచియున్నవి.

ఈ మనుష్యుని ఏమనవలెను? మూర్ఛరోగి మెదడులోని తుపానును లోకమునకు చూపుటకు దారితీసిన చేతియే, అట్టివారికి సంతానము వలదను శాసనమును అమలు జరుపు సభలో కలము పట్టినది. ఆయన క్రూరుడని ఎవరును చెప్పలేదు. నియమము తప్పనివాడు, ప్రభుత్వము చెప్పిన పని చేయువాడు. తన యంత్రమున కనబడినదానిని అయిదేండ్లు సందేహించి పరీక్షించిన ఆ మేధావి, తన దేశపు శాసనమును ఒక్కనాడైన అట్లు సందేహించినట్లు కానరాదు. శాస్త్రమునకు కావలసిన సందేహబుద్ధి ధర్మమునకును కావలెనని ఈ జీవితము మనకు నేర్పుచున్నది.

అంత్యదినములు దుర్భరములు. ఆరోగ్యము చెడినది, మనస్సు తీవ్రమైన విషాదమున మునిగినది. ఎందరో మనోరోగులకు చికిత్స చేసిన ఆ వైద్యుడు 1941 జూన్ 1వ తేదీన యేనాలో తన ప్రాణమును తానే తీసికొనెను. అప్పటికి ఆయనకు అరువది యెనిమిది సంవత్సరములు.

అద్దమై నిలిచిన గీత

బెర్గర్ పోయిన తరువాత ఆయన గీత మరియొక దారి పట్టినది. విశ్రాంతిలో ఆల్ఫా అలలు పెరుగుననియు, కలతలో తగ్గుననియు ఆయన చూపెను గదా. ఆ అలలను మనుజునకు అప్పటికప్పుడు చూపినచో, వానిని తన ఇచ్ఛ చేత మార్చుకొనగలడా? 1960 ప్రాంతమున అమెరికాలో జో కామియా ఈ ప్రశ్న వేసికొనెను. ఆల్ఫా అలలు నడుచుచున్నవో లేదో ఊహించుమని అడిగి, ఊహ తప్పో ఒప్పో ఎప్పటికప్పుడు తెలుపుచుండగా, కొంత అభ్యాసముతో పెక్కుమంది సరిగా గుర్తింపగలిగిరి; కొందరు తలచినపుడు ఆ స్థితిని తెచ్చుకొనగలిగిరి. దేహములోని సూక్ష్మ వ్యాపారమును యంత్రమను అద్దములో చూచుచు, దానిని దిద్దుకొను ఈ అభ్యాసమునకే బయోఫీడ్‌బ్యాక్ అని పేరు. సంగీతము నేర్చువాడు శ్రుతిపెట్టె విని గొంతు సవరించుకొనుట వంటిదే ఇది.

కాలిఫోర్నియాలో బ్యారీ స్టెర్మన్ పిల్లులకు ఇట్టి శిక్షణ నిచ్చెను. సెకనుకు పండ్రెండు మొదలు పదునైదు వరకు లేచు ఒక విధమైన అల కనబడినపుడెల్ల వానికి ఆహారము పెట్టుచుండగా, అవి కదలక మెదలక ఆ అలను తెప్పించుట నేర్చుకొన్నవి. తరువాత మూర్ఛ కలిగించు ఒక విషపదార్థమును పరీక్షించునపుడు, ఈ శిక్షణ పొందిన పిల్లులు తక్కినవానికంటె ఎక్కువగా తట్టుకొన్నట్లు తెలిసెను. స్టెర్మన్ 1972లో మూర్ఛరోగముగల ఒక యువతికి అట్టి శిక్షణ నిచ్చి, ఆమె మూర్ఛలు తగ్గినవని ప్రకటించెను. 2004లో యోకో నగాయ్, ఆమె సహచరులు మందులకు లొంగని మూర్ఛరోగులు 18 మందిని తీసికొని, అరచేతి చెమటతో మారు చర్మవిద్యుత్తును ఆధారము చేసికొని మరియొక విధమైన శిక్షణ నిచ్చిరి. ఇందొక విశేషము కలదు. ఆ శిక్షణ విశ్రాంతిని పెంచునది కాదు, మెలకువను పెంచునది. అందరికిని ఒకే మార్గము చెల్లదని దీనివలన తెలియుచున్నది.

మన దేశమునకును ఈ కథలో పాలు కలదు. కలకత్తాకు చెందిన ఎన్. ఎన్. దాస్, మూర్ఛరోగ శాస్త్రమున ప్రసిద్ధుడైన ఫ్రెంచి వైద్యుడు అన్రీ గాస్తో యోగుల మస్తిష్క తరంగములను పరీక్షించి 1955లో ప్రకటించిరి. ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో ఆనంద్, ఛీనా, బలదేవ్ సింగ్ 1961లో ప్రకటించిన పరిశోధన మరింత ఆశ్చర్యకరము. ధ్యానములో నున్న యోగులకు దీపపు వెలుగు చూపినను, శబ్దము చేసినను వారి ఆల్ఫా అలలు చెదరలేదు. ఇద్దరు యోగులు మంచువలె చల్లనైన నీటిలో ముప్పావుగంటకు పైగా చేయి ఉంచియు ఆ లయను నిలుపుకొనిరి. సంస్కృత కావ్యములకు జర్మను రూపమిచ్చిన రూకెర్ట్ మనుమని గీత ఈ విధముగా భారతదేశపు యోగుల వద్దకు చేరినది.

అయితే ఇందలి హద్దులను కూడ తెలిసికొనవలెను. మూర్ఛరోగులలో పెక్కుమంది తమకు మానసికమైన ఒత్తిడి, నిద్రలేమి కలిగినపుడు మూర్ఛ వచ్చుచున్నదని చెప్పుదురు. మూర్ఛ ఎప్పుడు వచ్చునో యను భయమే వారికి మరియొక ఒత్తిడి. ఆ ఒత్తిడి మరల మూర్ఛకు దారి తీయును. ఈ చక్రమును తెంచుటకు విశ్రాంతి సాధన తోడ్పడును. బెర్గర్ మొదటి వ్యాసము వచ్చిన 1929లోనే అమెరికా వైద్యుడు ఎడ్మండ్ జేకబ్‌సన్ ఒక గ్రంథము ప్రకటించి, ఒక్కొక్క కండరమును బిగించి వదలుచు దేహమంతటిని సడలించు పద్ధతిని వివరించెను. దానికి యంత్రముతో పనిలేదు. చాప యున్న చాలును. మెల్లగా, నిండుగా ఊపిరి తీయుట అట్టిదే. వేగముగా, బలవంతముగా ఊపిరి తీయుట మాత్రము కొందరిలో మూర్ఛను తెప్పించును. పరీక్షా సమయమున వైద్యులే మూర్ఛను బయటపెట్టుటకు అట్లు చేయింతురు. కనుక ఏ సాధనయైనను వైద్యుని నడిగియే చేయవలెను. బయోఫీడ్‌బ్యాక్ ఫలితములు ఆశాజనకములే యైనను, ఇంతవరకు జరిగిన పరిశోధనలు చిన్నవి. ఇవి మందునకు తోడు. మందునకు బదులు కావు. సరియైన చికిత్స సకాలమున లభించినచో మూర్ఛరోగులలో నూటికి డెబ్బది మంది వరకు మూర్ఛలు లేకుండ జీవింపగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ తెలుపుచున్నది. మందులను తమంతట తాము మానుట ప్రమాదకరము.

మన వంతు

జర్మనీ శాసనమును తలచి మనము ముక్కుమీద వ్రేలు వేసికొనుట సులభము. మన దేశమున హిందూ వివాహ చట్టము కూడ ఒకప్పుడు తరచుగా మూర్ఛ వచ్చువారిని వివాహమునకు అనర్హులుగా నెంచినది. ఆ మాట చట్టము నుండి తొలగుటకు 1999వ సంవత్సరము వరకు పట్టినది. చట్టము మారినంత త్వరగా ఇండ్లు మారవు. కూతురి జబ్బు దాచి పెండ్లి చేయుట, కొడుకును బడి మాన్పించుట, మందు మ్రింగునది చాటుగా మ్రింగుట ఇంకను మన మధ్య నున్నవే.

బడిలో ఒక పిల్లవాడు మూర్ఛతో పడిపోయినపుడు చేయవలసినది స్వల్పము. చుట్టును గుమిగూడినవారిని దూరము జరుపవలెను. తలక్రింద మెత్తనిదేదైన ఉంచి, ప్రక్కకు తిరుగునట్లు పరుండబెట్టవలెను. నోటిలో ఏ వస్తువును పెట్టరాదు, చేతిలో ఇనుము పెట్టనక్కరలేదు, కాలుసేతులు అదిమి పట్టరాదు. గడియారము చూచుచుండవలెను, అయిదు నిమిషములు దాటినచో ఆసుపత్రికి తీసికొనిపోవలెను. స్పృహ వచ్చిన తరువాత ఆ పిల్లవాడు మొట్టమొదట చూచునవి చుట్టునున్నవారి ముఖములు. అక్కడ భయము గాని, ఏవగింపు గాని కనబడకుండ చూచుట ఉపాధ్యాయుని ధర్మము.

హాన్స్ బెర్గర్ లోకమునకు ఒక గీత నిచ్చెను. ఆ గీతను చదువుట యంత్రము నేర్పును. దాని వెనుకనున్న మనుష్యుని చూచుట ఏ యంత్రమును నేర్పదు. ఆయన జీవితము చదివిన విద్యార్థులు మొదటిదానిని ఆయన నుండి నేర్చుకొందురు గాక. రెండవదానిని ఆయన లోపము నుండి నేర్చుకొందురు గాక.